అడవి తీర్చే అప్పు

యెల్లోస్టోన్ చూసి వచ్చినవారెవరైనా ముందుగా చెప్పేది అక్కడి వేడినీటి బుగ్గల గురించే. నేనూ వాటి కోసమే వెళ్ళాను. తిరిగి వచ్చాక మాత్రం మనసులో మిగిలింది దారి పొడుగునా కనిపించిన పైన్ అడవి. ఒకే ఈడు పిల్లల్ని వరుసగా నిలబెట్టినట్టు ఇంచుమించు ఒకే ఎత్తున పచ్చని చెట్లు. వాటి పాదాల దగ్గర చిందరవందరగా పడివున్న బూడిదరంగు మానులు. ఆ మానులు 1988 నాటి కార్చిచ్చులో చచ్చిపోయిన చెట్లు. ఆ పచ్చని చెట్లు అదే కార్చిచ్చు కన్న బిడ్డలు.

అప్పటినుంచీ ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ వచ్చాను. అడవి మంటల గురించి మనం తరచుగా వినే మాటలు రెండున్నాయి. రెండూ సగం సగమే నిజమని నాకనిపించింది. ఆ ఆలోచనే ఈ టపా.

మొదటి మాట: "అడవి కాలిపోయింది, అంతా పొగై పోయింది." 1988 వేసవిలో యెల్లోస్టోన్ పార్కులో 36 శాతం, అంటే దాదాపు ఎనిమిది లక్షల ఎకరాలు మంటల బారిన పడింది. వేలమంది సిబ్బంది పోరాడినా లొంగని మంటలు సెప్టెంబరు 11న కురిసిన మంచుకు తగ్గుముఖం పట్టాయి. మెరుపుల వల్ల పుట్టిన కొన్ని మంటలను ఆర్పకుండా వదిలే విధానం 1972 నుంచే ఆ పార్కులో ఉండటంతో, అధికారుల మీద జనం మండిపడ్డారు. పార్కు పని ఇక అయిపోయిందనుకున్నవాళ్ళు చాలామంది.

అయితే మంట తినేది ఏమిటో కాస్త నిదానించి చూడాలి. అది ముఖ్యంగా సూదుల్లాంటి ఆకులను, సన్నని రెమ్మలను, నేలమీద పేరుకున్న ఎండుటాకులను తింటుంది. లావుపాటి మానులు చచ్చినా నిలబడే ఉంటాయి. చెట్టులోని కర్బనంలో అధికభాగం ఉన్నది ఆ మానులలోనే. అవి కొన్నేళ్ళకు నేలకొరిగి, దశాబ్దాల తరబడి పుచ్చుతూ, తమలోని కర్బనాన్ని బొగ్గుపులుసు వాయువుగా కొద్దికొద్దిగా గాలికి వదులుతాయి. మరికొంత బొగ్గుగా మారి మట్టిలో శతాబ్దాలపాటు ఉండిపోతుంది. అంటే మంట నాడు పోయేది కొంతే. మిగిలినది వాయిదాల మీద పోతుంది.

జమ వైపు కథ ఇంకా చిత్రమైనది. ఆ పార్కు అడవుల్లో ప్రధాన వృక్షం లాడ్జ్‌పోల్ పైన్. వీటిలో చాలా చెట్ల కాయలు జిగురుతో బిగుసుకుని, విత్తనాలను లోపలే దాచుకుని, ఏళ్ళ తరబడి కొమ్మలనే అంటిపెట్టుకుని ఉంటాయి. మంట వేడికి ఆ జిగురు కరిగి కాయ విచ్చుకుంటుంది. బూడిద మీద విత్తనాలు రాలతాయి. మొలకలు లేచి గాలిలోని కర్బనాన్ని తీసుకోవడం మొదలుపెడతాయి. మొదటి కొన్నేళ్ళు కాలిన అడవి తీసుకునేదానికన్నా వదిలేదే ఎక్కువ; చెట్లు ఎదిగేకొద్దీ ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడ రకరకాల వయసుల అడవులను కొలిచిన శాస్త్రజ్ఞులు, సుమారు వందేళ్ళలో అడవి తన కర్బనాన్ని చాలావరకు తిరిగి కూడబెట్టుకుంటుందని తేల్చారు. పూర్వం అక్కడ ఒకే చోట రెండు పెద్ద మంటల మధ్య ఎడం వంద నుంచి మూడువందల ఏళ్ళు ఉండేది. కనుక మంట అనేది అడవి చేసే అప్పు. వడ్డీతో సహా తీర్చడానికి దానికి చాలినంత గడువుండేది.

ఇక రెండవ మాట: "ప్రకృతి తనను తానే సర్దుకుంటుంది." పైదంతా చదివినవారు ఈ మాటే అంటారు. నేనూ అన్నాను. కాని ఈ మాటలో ఆ గడువు సంగతి లేదు.

2016లో మేపుల్ మంట అన్నది 1988లో కాలిన చోటునే మళ్ళీ కాల్చింది. ఎడం 28 ఏళ్ళు. అదే ఏడు పక్కనున్న గ్రాండ్ టీటన్ పార్కులో బెర్రీ మంట, 2000లో కాలిన చోటుకు తిరిగి వచ్చింది. ఎడం 16 ఏళ్ళే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మోనికా టర్నర్ బృందం ఆ నేలలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించింది. మొదటి మంట తరువాత వచ్చిన మొలకలతో పోలిస్తే, రెండవ మంట తరువాత వచ్చినవి ఆరోవంతు. లేత చెట్ల మీద విత్తనాల నిల్వ ఇంకా నిండలేదు. అంతేకాదు, వాయిదాల మీద కర్బనాన్ని వదలవలసిన ఆ పాత మానులు కూడా ఈసారి ఒక్కసారిగా కాలిపోయాయి. ఇలాంటిచోట అడవి తన కర్బనాన్ని తిరిగి సంపాదించుకోవడానికి మరో 150 ఏళ్ళకు పైగా ఆలస్యమవుతుందని వారి అంచనా.

ఇది మనకు బొత్తిగా తెలియని న్యాయమేమీ కాదు. మన మన్యంలో పోడు చేసేవారు అడవిని నరికి, కాల్చి, కొన్నేళ్ళు పండించుకుని, ఆ నేలను బీడుగా వదిలేవారు. అడవి మళ్ళీ లేచేదాకా ఆగగలిగినన్నాళ్ళూ పోడు సాగింది. ఆ విరామం కుదించుకుపోయిన చోట నేల చవుడుదేలింది. రెండుచోట్లా నిప్పు అదే, మారింది మధ్యనున్న విరామం.

"అలాగైతే ప్రతి మంటనూ ఆర్పేస్తే సరి" అనే వారికీ ఒక మాట. అరిజోనా వైపు పాండెరోసా పైన్ అడవుల్లో కొన్నేళ్ళకొకసారి నేలబారు మంటలు రావడం వాడుక. మందపాటి బెరడున్న పెద్ద చెట్లు వాటిని తట్టుకునేవి. చిట్టిమొక్కలూ చెత్తా మాత్రమే కాలేవి. ఒక శతాబ్దం పాటు ఆ చిన్న మంటలను ఆర్పుతూ పోయేసరికి అడవి కిక్కిరిసింది. దానిలో కర్బనం పెరిగిన మాట నిజమే, కాని అది గడ్డివాములో దాచిన సొమ్ము వంటిది. ఇప్పుడు అక్కడ మంట పుడితే పెద్ద చెట్ల కొసలదాకా ఎగబాకుతోంది. ప్రతి అడవికీ దానికలవాటైన ఎడం ఒకటుంటుంది. దానిని పొడిగించినా, కుదించినా లెక్క తప్పుతుంది.

అందుకని, నా మటుకు నాకు, ఎన్ని మొక్కలు నాటారన్నదే చూసి కర్బనం లెక్కలు కట్టేవారి మీద నమ్మకం కుదరదు. మొక్క నాటడం మంచిదే. కాని అది వందేళ్ళకు రాసిచ్చిన ప్రామిసరీ నోటు. భూమి వేడెక్కేకొద్దీ యెల్లోస్టోన్ ప్రాంతంలో చాలాచోట్ల మంటల మధ్య ఎడం ఈ శతాబ్దం నడిమికి ముప్పయ్యేళ్ళకన్నా తగ్గవచ్చునని 2011లోనే ఒక అధ్యయనం హెచ్చరించింది. వందేళ్ళ నోటు ముప్పయ్యేళ్ళకే చెల్లమంటే అడవి ఎక్కడినుంచి తెచ్చి చెల్లిస్తుంది? మనం కాల్చే బొగ్గూ, పెట్రోలూ తగ్గించకుండా, ఆ అప్పును చెట్ల పేరున రాయడం న్యాయం కాదు.

ఇకమీదట కార్చిచ్చు వార్త చదివినప్పుడు ఎన్ని ఎకరాలు కాలిందన్నదానితో ఆగకండి. ఆ చోటు ఇంతకుముందు ఎప్పుడు కాలిందో కూడా వెతకండి. నేను చూసిన ఆ ఒకే ఈడు చెట్లు ఇంకా బాకీ తీరుస్తూనే ఉన్నాయి. వాటికి కావలసిన వ్యవధి మనం ఇస్తామా అన్నదే నా దిగులు. మీరేమంటారు?