ఆపరేషన్ బల్ల మీద అడిగే ప్రశ్న ఏ భాషలో?



2022 ఆగస్టులో మన గాంధీ ఆస్పత్రిలో ఒకామెను మెలకువగా ఉంచి మెదడులో గడ్డ తీసిన్రు. ఆమె చిరంజీవి 'అడవి దొంగ' చూస్తుంటే డాక్టర్లు మాట్లాడిస్తూ ఆపరేషన్ చేసిన్రు. (ఆ పేరు విని మన హాస్టళ్లల్ల ఎన్ని జోకులు పడ్తయో చెప్పక్కర్లేదు.) వార్తల్లో అందరికీ సినిమానే గుర్తుండిపోయింది. మాకైతే అసలు సంగతి ఆమె ఇచ్చిన జవాబులే అనిపిస్తది.

మెదడుకు నొప్పి తెలియదు. నెత్తి చర్మానికి మత్తు ఇచ్చి, మాటలకు సంబంధించిన చోట సన్న కరెంటు తాకిస్తూ, బొమ్మ చూపి 'ఇదేంది?' అని అడుగుతారు. నోరు ఆగిపోతే ఆ చోటు కోయరు. అంటే అక్కడ పేషెంట్ మాటే మీటర్.

మరి ఇంట్లో గోండి, కోయ, కొలామీ, లంబాడీ తప్ప మాట్లాడని అవ్వను తెలుగులో అడిగితే? ఆమె ఆగింది కరెంటు వల్లనా, తెలుగు మాట దొరకకనా? రెండు భాషలు వచ్చినవాళ్ల మెదడులో ఒక్కో భాషకు కొన్ని చోట్లు వేరుగా ఉంటాయని ఓజెమాన్, విటేకర్ అనే పరిశోధకులు 1978లోనే రాసిన్రు. తెలుగు కాపాడి గోండి పోగొడితే ఆ అవ్వ ఇంట్లో ఎవరితో మాట్లాడాలె?

చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడల ఉండే మనకు ఇది దూరపు ముచ్చట కాదు. ఊరి నుంచి ఎవరు పెద్దాస్పత్రికి వచ్చినా మొదటి ఫోన్ మనకే. గ్రూప్స్ పుస్తకం మూసి ఉరుకుతం. ఓపీ చీటీ, స్కానింగ్ లైను, సంతకం, అన్నిటికీ మనమే దుబాసీలం. థియేటర్ తలుపు దాకే.

పూర్తి మత్తులో చేసే వెన్నుపూస ఆపరేషన్లలో కూడా కొన్నిసార్లు తలకు, కాళ్లుచేతులకు సన్న సూదులు గుచ్చి నరాలు పనిచేస్తున్నయా లేదా చూస్తుంటారు. లేచినంక సూది గుర్తులు ఉండొచ్చు, నాలుక కొరుక్కుపోయి ఉండొచ్చు. ముందే చెప్తే భయం ఉండదు. చెప్పకపోతే ఊర్లో అది ఇంకో కథ అయితది.

మేము అడిగేది పెద్దదేం కాదు. సంతకం పెట్టించే రోజే పేషెంట్ ఇంటి భాష కేస్ షీట్‌లో రాయాలె. మెలకువగా చేసే ఆపరేషన్ అయితే ఆ భాష వచ్చినోళ్లను ముందురోజు బొమ్మల ప్రాక్టీసుకు, తర్వాత థియేటర్లకు పిలవాలె. నర్సింగ్ చదివే మన చెల్లెండ్లు ఎంతమంది లేరు?

'పిడికిలి బిగించు', 'కాలివేళ్లు ఆడించు', 'ఇదేంది?' ఇట్లాంటి మాటలు మేము రాసి పెడుతున్నం. గోండి, లంబాడీ అయిపోయినయి. కోయ, కొలామీ వచ్చినోళ్లు ఆదివారం సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ గేటు కాడికి రండ్రి.