చేతులు చల్లన, ఎందువలన?

మన కథల్లో ఎవరికైనా కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయంటే రెండే అర్థాలు. ఒకటి భయం, రెండోది ప్రాణం మీదికి రావడం. వారం వారం వచ్చే నవలలో ఆ మాటతో ప్రకరణం ఆగిందంటే, పై వారం దాకా మనకు నిద్ర పట్టదు. కాని ఏ భయమూ లేకుండానే, దసరా వెళ్ళిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా అరచేతులూ అరికాళ్ళూ మంచుముద్దల్లా ఉండేవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. పాపం, వాళ్ళ మీద ఎవరూ నవల రాయరు.

పర్ణశాల పేరు వినని తెలుగువారుండరు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల ఎగువన, గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉంది. సీతారాములు కాపురమున్న పంచవటి ఇదేనని ఇక్కడివారి నమ్మకం. నాసిక్ వారు తమదే అంటారు. ఆ తగాదా మనకెందుకు? వాల్మీకి అరణ్యకాండలో తెల్లవారుజామున గోదావరి స్నానానికి వెళుతూ లక్ష్మణుడు హేమంతాన్ని వర్ణిస్తాడు. దాహంతో వచ్చిన అడవి ఏనుగు నీటిని తాకి, చలికి తొండం వెనక్కి తీసుకుంటున్నదంటాడు. సంస్కృతంలో తొండానికీ చేతికీ ఒకటే మాట, కరం. అంతటి ఏనుగుకే ఆ గతి పడితే, పుష్యమాసంలో చీకటితో లేచి అంట్లు తోమే ఇల్లాలి చేతుల సంగతి చెప్పేదేముంది?

జరిగేది ఇది. ఒంట్లో వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలి. చలి తగలగానే శరీరం గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి, వేళ్ళలోని సన్నని రక్తనాళాలను బిగించేస్తుంది. కాలువలో నీరు తగ్గితే చివరి చేలకు అందనట్టే, వేళ్ళకు రక్తం అందదు. అందుచేత వైద్యం వేళ్ళతో మొదలుపెట్టకూడదు. రొమ్మూ వీపూ తలా వెచ్చగా కప్పుకోకుండా కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు తొడిగినా దండగే. తడి చేతులు వెంటనే పొడిగా తుడుచుకోవాలి. చుట్ట కాలిస్తే వెచ్చగా ఉంటుందంటారు గాని, పొగాకు ఆ నాళాలను మరింత బిగిస్తుంది. ఇప్పసారా సంగతీ అంతే. రక్తం చర్మం మీదికి వచ్చి వెచ్చబడ్డట్టు తోస్తుంది, లోపలి వేడి కాస్తా బయటికి పోతుంది.

వేళ్ళు ముందు తెల్లగా పాలిపోయి, తరువాత నీలమై, ఆపైన ఎర్రబడుతుంటే అది వేరే సంగతి. పారిస్‌లో మోరీస్ రెనో అనే వైద్యుడు 1862లో వర్ణించిన జబ్బు, ఆయన పేరే దానికి నిలిచింది. థైరాయిడ్ మందగించినా, రక్తపు పోటుకు వాడే కొన్ని మాత్రల వల్లా కూడా చేతులు చల్లబడతాయి. (మాత్రలు మీరే మానేయకండి, డాక్టరుతో చెప్పండి.) ఇక చక్కెర జబ్బువారు అరికాళ్ళు చల్లగా ఉన్నాయని నెగడు దగ్గర పెట్టడం మహా ప్రమాదం. స్పర్శ పోయిన కాలు కాలుతున్నా తెలియదు.

ఒకసారి మా విద్యార్థులతో పర్ణశాల వెళ్ళాను. రేవు దగ్గర బొమ్మలమ్మే ఆమె చిల్లర ఇస్తుంటే వేళ్ళు తగిలి ఉలిక్కిపడ్డాను.

"చేతులింత చల్లగా ఉన్నాయేమమ్మా? డాక్టరుకు చూపించావా?"

ఆమె నవ్వింది. "చలికి కూడా దవాఖానకు పోతరా సారూ? మా అమ్మవి గూడ ఇట్లనే ఉండేటివి."

మెట్టు ఎక్కితే ఆయాసం వస్తుందట. కనురెప్పల లోపల ఎర్రదనం లేదు. చలి అనుకుంటున్నది బహుశా రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తం తక్కువున్నవారే. రక్తపరీక్షకు వేలిమీద చిన్న పోటు చాలు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోవడం, భోజనం కాగానే టీ తాగకపోవడం మంచివే. కాని లోటు ఎక్కువగా ఉంటే తోటకూర ఒక్కటే తీర్చలేదు, డాక్టరు చెప్పిన ఇనుము మాత్రలు నెలల తరబడి మింగవలసిందే.

అయితే అడవి పల్లెల్లో రక్తహీనతకు ఇంకో కారణం కూడా చూడాలి. సికిల్‌సెల్ జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలో వంగి, నాళాల్లో ఇరుక్కుంటాయి. మన దేశంలో దీన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. గోదావరి ఒడ్డున కోయలలోనూ ఉంది. ఈ జబ్బున్నవారికి చలి వట్టి చలి కాదు. చన్నీటి స్నానంతో నాళాలు బిగిస్తే ఎముకలు విరిగినంత నొప్పి రావచ్చు. వారు ముక్కోటి నాడైనా సరే, ఎండెక్కాక, వేడినీళ్ళే పోసుకోవాలి. చలికాలమని మంచినీళ్ళు తాగడం తగ్గించకూడదు. పసిబిడ్డ చేతులూ కాళ్ళూ వాచి ఏడుస్తుంటే దిష్టి తీస్తూ కూర్చోక, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఈ జబ్బును నిర్మూలించడానికి కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళ లోపువారికి రక్తపరీక్షలు చేయిస్తున్నది. భార్యాభర్తలిద్దరికీ ఈ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికం కుదుర్చుకునేవారు జాతకాలతోపాటు ఆ పరీక్ష చీటీలు కూడా తెప్పించుకుని చూడాలి.