పెద్దలు కూడ వంగవలెను

గత నెలలో జరిగిన మన సంఘ సమావేశమునందు పెద్దలొకరు లేచి ఆక్షేపణ చేసిరి. మన పిల్లలు కొందరు సాయంకాలములందు జూడో, కరాటే నేర్చుకొనుచున్నారు. అచట వారు గోడనున్న పటమునకును, గురువునకును, తుదకు తోటి పిల్లలకును నడుము వంచి వందనము చేయుచున్నారట. తెలుగుబిడ్డ పరదేశపు పద్ధతిలో తల వంచనేల యని వారి ప్రశ్న. ఆ ప్రశ్న అభిమానముతో పుట్టినది. దానిని మేము తేలికగా త్రోసివేయము. కాని విచారించి చూడగా మాకు తోచినది వేరు.

జపానులో ఇట్టి విద్యాశాలను ‘దోజో’ అందురు. మార్గమునకు స్థానమని దాని యర్థము. ఈ మాట మొదట కుస్తీపట్ల కొరకు పుట్టినది కాదు. బుద్ధ భగవానుడు జ్ఞానము పొందిన స్థలమును సంస్కృతమున బోధిమండమందురు. బౌద్ధ గ్రంథములు చీనా భాషలోనికి వచ్చినపుడు ఆ పదమునకు ఏర్పడిన మాటయే జపానునకు చేరి దోజో అయినది. కావున ఆ గడపకు మనము బొత్తిగా పరాయివారము కాము.

అచటి పద్ధతి యిది. విద్యార్థి పాదరక్షలు విడిచి, వాటి మొనలు ద్వారము వైపు త్రిప్పి వరుసగా నుంచును. లోన అడుగిడునపుడు నిలిచి వంగును. గదిలో ఒక వైపు ‘కమిజా’, అనగా పెద్ద పీట. అచట సాధారణముగా ఆ విద్యను స్థాపించినవారి పటముండును. గురువు ఆ వైపునను, శిష్యులు ఎదుట తమ తమ తరగతుల క్రమమునను మోకాళ్లు మడిచి కూర్చుందురు. పాఠమునకు ముందు దయచేయుడని వేడుకొందురు. ముగిసిన పిమ్మట కృతజ్ఞత చెప్పుదురు. పెక్కు శాలలలో శిష్యులే గుడ్డ పట్టి నేల తుడుతురు.

ఈ మర్యాద ఆయుధము పట్టిన చేతులలో పెరిగినది. కూర్చుండినపుడు కత్తిని కుడి ప్రక్కన నుంచుట సభ్యత. కుడిచేతితో దూయుటకు అది అనువు కాదు గనుక, నీపై నాకు వైరము లేదని మాట లేకయే చెప్పినట్లగును. కొట్టగలవాడు కొట్టనని ముందుగా మాట యిచ్చుటయే ఆ వందనము. పటమునకు వంగుట విగ్రహారాధన యని జంకువారు మన షోలాపురపు తాలీములను చూడుడు. మల్లుడు ఎఱ్ఱమట్టిని కన్నులకద్దుకొని గాని గోదాలో దిగడు. మేమును ప్రొద్దున కొట్టు తెరచునపుడు గడపను, త్రాసును తాకి కన్నులకద్దుకొందుము. పనికి ముందు పనిని గౌరవించుట ఏ దేశపు సొత్తును కాదు.

అయితే ఆ శాలలలో మమ్ములను ఆలోచింపజేసినది శిష్యుని వందనము కాదు, గురువు ప్రతివందనము. శిష్యులు వంగినపుడు గురువును వంగును. పది సంవత్సరములు నేర్చినవాడు నిన్న చేరిన పిల్లవానితో అభ్యాసమునకు దిగినపుడు ఇద్దరును ఒకరికొకరు వంగుదురు. దీనికి కారణము కలదు. నేర్చువాడు తన దేహమును ఎదుటివాని చేతికి అప్పగించుచున్నాడు. ఆ నమ్మకమునకు బదులు నమ్మకమే. జిగోరో కానో మహాశయుడు 1882లో టోక్యో నగరమున ఏషోజి యను బౌద్ధాలయములో, పండ్రెండు చాపలు పట్టు గదిలో, కొడోకాన్ శాలను స్థాపించెను. తానును పరుడును కలసి వృద్ధి పొందవలెననునది ఆయన బోధించిన సూత్రములలో నొకటి. ఆ విద్యలో క్రొత్తవానికి మొదట నేర్పునది పడద్రోయుట కాదు, దెబ్బ తగులకుండ పడుట. పడినవానిని చూచి నవ్వరు. అందరును పడియే నేర్చినవారు గదా.

ఈ శిక్షణకు ఫలమేమని అడుగువారికి ఒక దృష్టాంతము చాలును. జూడో మొదటిసారి ఒలింపిక్ క్రీడలలో చేరినది 1964లో, టోక్యోలోనే. బరువు పరిమితి లేని పోటీ తుది పోరులో హాలెండు దేశీయుడైన ఆంటన్ గేసింక్, జపాను వీరుడు అకియో కమినాగాను ఓడించెను. స్వదేశీయుల యెదుట జపానునకు అది పెద్ద దెబ్బ. గేసింక్ దేశీయులు ఆనందము పట్టలేక చాపల మీదికి పరుగెత్తి రాబోగా ఆయన చేయెత్తి వారిని ఆపెను. ఓడినవానికి వందనము చేయవలసిన పని ఇంకను మిగిలియున్నది. పరదేశీయుడు ఆ మర్యాదను నేర్చుకొన్నందున హాలెండు పరువు తగ్గలేదు, పెరిగినది.

మర్యాద పేర దౌర్జన్యము జరుగదా యని కొందరడుగవచ్చును. జరుగును. జపాను మహిళా జూడో జట్టులోని పదిహేనుగురు క్రీడాకారిణులు తమ శిక్షకుడు కొట్టుచున్నాడని చేసిన ఫిర్యాదు 2013లో బయటపడినది; ఆ శిక్షకుడు పదవి వదలుకొనవలసి వచ్చినది. క్రిందివాడు మాత్రమే వంగి, పైవాడు వంగుట మఱచినచోట మర్యాద బానిసత్వముగా మారునని ఆ యుదంతము చెప్పుచున్నది.

ఇపుడు మన యింటి మాట. మన సంఘపు ఆదివారపు తెలుగు తరగతికి పిల్లలు నానాటికి తగ్గుచున్నారు. పిల్లలకు భాషాభిమానము లేదని మనము నిట్టూర్చుచున్నాము. మా తప్పును ఇచట చెప్పుకొనుట న్యాయము. ఒకనాడు తరగతిలో ఒక బాలుడు దాహము వేసి, "నాకు తహాన్ అయినది" అనెను. మరాఠీ బడిలో చదువు పిల్లవాడు. దప్పిక యను మాట వానికి అందలేదు. మేము నవ్వితిమి. మమ్ము చూచి తక్కిన పెద్దలును నవ్విరి. ఆ బాలుడు తరువాతి ఆదివారము రాలేదు, ఇంతవరకును రాలేదు. కరాటే తరగతికి మాత్రము ఒక్క దినమును మానుట లేదని వాని తండ్రి చెప్పినారు. అచట వాడు పడినపుడు ఎవ్వరును నవ్వరు గాబోలు.

కావున మా మనవి రెండు మాటలు. మన పిల్లలు ఆ శాలలలో వంగుటను అడ్డగింపకుడు. అంతకంటె ముఖ్యముగా, మన తరగతిలో పిల్లలు నమస్కరించినపుడు కుర్చీలోని పెద్దలు లేచి ప్రతినమస్కారము చేయవలెను. మాట తడబడిన బిడ్డను చూచి నవ్వరాదు, సరియైన మాటను మెల్లగా అందింపవలెను. రెండు తరముల క్రింద మగ్గము వెంట ఈ యూరు వచ్చిన మనవారు మరాఠీని తప్పులతోనే నేర్చిరి. అపుడు ఇరుగుపొరుగులు నవ్వియే యుండినచో మనము ఇచట నిలువగలిగెడివారమా?

వచ్చు ఆదివారము ఆ బాలుని యింటికి పోయి, వానిని మరల రమ్మని మేమే అడుగదలచినాము. ముందుగా నమస్కరించువారము మేమే.