నిషేధం కొట్టుకు, చెత్త చేలోకి

వేసవిలో పొలాలకు పెంట తోలుతున్న రైతులకు కొన్నేళ్ళుగా కొత్త బెడద వచ్చిపడింది. దిబ్బ తవ్వితే ఎరువుతోపాటు కవర్లు, షాంపూ ప్యాకెట్లు బయటపడుతున్నవి. పేడ, బూడిద, కసువు ఏడాది తిరిగేసరికి మాగి ఎరువవుతాయి. కవరు మాత్రం వేసింది వేసినట్లే చేలోకి చేరి, దుక్కిలో గొర్రుకు చుట్టుకుంటున్నది. ప్లాస్టిక్‌ను నిషేధించారని అందరూ విన్నదే. అయినా దిబ్బలో అది తగ్గకపోవడానికి కారణం నిబంధనల్లోనే కొంత ఉన్నది.

ఈ నిబంధనలు మొదట పట్టణాలకే పరిమితం. 2016 మార్చిలో కేంద్రం వాటిని గ్రామాలకూ వర్తింపజేసింది. చెత్తను ఇంటివద్దనే వేరుచేసి ఇవ్వడం గృహస్థుల విధి. దానిని సేకరించి, పనికివచ్చేదానిని తిరిగి వినియోగానికి పంపడం, బయట తగులబెట్టకుండా చూడడం పంచాయతీ బాధ్యత.

తర్వాత నిషేధాలు వచ్చినవి. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్ళేలు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. 120 మైక్రాన్ల కంటె పలుచని చేతిసంచులపై అదే ఏడాది డిసెంబరు 31న నిషేధం వచ్చింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. సంతలో వంకాయలు పోసి ఇచ్చిన కవరును పట్టుకుని దాని మందం చెప్పగలవారెవరు?

అసలు చిక్కు ఇది కాదు. సరకు నింపి అంటించిన ప్యాకెట్టు చేతిసంచి లెక్కలోకి రాదు. కనుక పాలకవరు, నూనె ప్యాకెట్టు, చిప్స్, షాంపూ సాచెట్లకు ఈ నిషేధం తగలదు. గుట్కా, పొగాకులను ప్లాస్టిక్ సాచెట్లలో అమ్మరాదన్న నిబంధన ఉన్నమాట నిజమే. బడ్డీకొట్ల ముందు నేలను చూసినవారికి దాని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నిషేధం లేని ఈ ప్యాకెట్ల భారాన్ని 2022 ఫిబ్రవరి మార్గదర్శకాలు కంపెనీల నెత్తిన పెట్టినవి. కంపెనీ ఎంత ప్లాస్టిక్‌ను మార్కెట్‌లోకి వదిలిందో దానికి తగిన తూకాన్ని తిరిగి వినియోగంలోకి తెచ్చినట్లో, సిమెంటు కర్మాగారాల్లో ఇంధనంగా వాడినట్లో సర్టిఫికెట్లు చూపాలి. అయితే ఆ తూకం దేశంలో ఎక్కడినుంచి వచ్చినా చెల్లుతుంది. పట్టణంలో కుప్పలుగా దొరుకుతుండగా మారుమూల పల్లెకు లారీ పంపే కంపెనీ ఏముంటుంది? పాతసామాన్లవాడు కూడా సీసాలు, విరిగిన బకెట్లు కొంటాడు గాని తూకానికి రాని చిప్స్ ప్యాకెట్లను ముట్టడు. అవి దిబ్బకు పోతాయి, లేదా మంటలోకి. కొన్ని పశువుల కడుపులోకి.

దీనికి దారి లేకపోలేదు. గ్రామీణ స్వచ్ఛభారత్ రెండవ దశలో బ్లాకుకొక ప్లాస్టిక్ కేంద్రం నెలకొల్పడానికి రూ. 16 లక్షల వరకు ఇచ్చే ఏర్పాటు పెట్టారు. ఊళ్ళ చెత్త ఒకచోట చేరి బేళ్ళు కడితే లారీకి గిట్టుబాటవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మొదలైన స్వచ్ఛాంధ్ర కార్యక్రమం కింద మూడో శనివారాలు వీధులు ఊడ్చారు. ఊడ్చిన కుప్ప ఊరి చివర ఆగిపోతే చేసిన పని సగమే.

దిబ్బలోకి కవరు పోకుండా దొడ్లో ఒక గోనెసంచి వేలాడదీయడం ఇంటివారి చేతిలో పని. ఆ సంచి నిండాక ఏ రోజు, ఎవరు ఎత్తుకుపోయి ఎక్కడ చేరుస్తారన్నది పంచాయతీ చెప్పవలసిన సమాధానం. గ్రామసభలో ఈ ప్రశ్న వేసే హక్కు పెంట తోలే ప్రతి రైతుకూ ఉన్నది.