దోషము తెరదేనా?

మా పాఠశాల కంప్యూటరు గదిలో ఒక యంత్రము మూడు నెలలు గుడ్డ కప్పుకొని మూలనుండెను. దాని తెర మాటిమాటికి నల్లబడుచు, చిత్రములు చెదరుచుండెను. బాగుచేయ వచ్చినవారు "తెర పోయినది, క్రొత్తది కొనవలసినదే" అని చెప్పి వెళ్లిరి. మేమును నమ్మితిమి. ఆ మూడు నెలలు మిగిలిన యంత్రములకడ ముగ్గురేసి పిల్లలు కూర్చుండవలసి వచ్చినది. తుదకు తొమ్మిదవ తరగతి బాలుడొకడు ప్రక్క యంత్రపు తెరను తెచ్చి దీనికి తగిలించి చూచెను. ఆ తెరమీదను అదే చెదరుట! అనగా దోషము తెరది కాదు. క్రొత్తగా చేరిన గ్రాఫిక్స్ డ్రైవరును తొలగించి పాతదానిని నిలిపినంతనే యంత్రము చక్కబడినది. ఒక్క పైసయు వెచ్చము కాలేదు.

దోషమెచ్చటనున్నదో తేల్చనిదే ఏ వస్తువును పారవేయరాదనియు, ఆ తేల్చు విద్యను పాఠశాలలోనే నేర్పవలెననియు మా అభిప్రాయము.

డ్రైవరనగా నేమి? విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థ మాట ఒకటి, చిత్రములు గీయు చిప్పు మాట వేరొకటి. ఆ రెంటి నడుమ నిలిచిన ద్విభాషియే డ్రైవరు. ఇది మన ప్రాంతపు పిల్లలకు విప్పి చెప్పనక్కరలేదు. ఇంట తెలుగు, అంగడిలో మరియొక భాష. తాతగారిని ఆసుపత్రికి తోడ్కొనిపోయిన మనుమడు ద్విభాషియే గదా! వాడొక మాట తప్పుగా చెప్పినచో వైద్యుని దోషము లేదు, రోగి దోషము లేదు. అయినను మందు మారిపోవును. కంప్యూటరు సంగతియు నంతే. విండోస్ విస్తాలో 2007లో నమోదైన పతనములలో నూటికి 28 పైచిలుకు ఎన్విడియా డ్రైవర్లవలన కలిగినవని, అమెరికాలోని ఒక వ్యాజ్యమున 2008లో వెలువడిన మైక్రోసాఫ్ట్ పత్రములు తెలుపుచున్నవి. పెద్ద సంస్థల ద్విభాషులే తడబడినప్పుడు మన గదిలోని యంత్రము తడబడుటలో వింత యేమి?

పరీక్షించు క్రమము కష్టమైనది కాదు. యంత్రము వెలిగించినంతనే తయారీదారు పేరు కనబడును. అప్పటికి విండోస్ డ్రైవరు రంగమున ప్రవేశింపలేదు. అచ్చటనే గీతలు కనబడినచో తీగనో, తెరనో, చిప్పునో శంకింపవలెను. అచ్చట నిర్మలముగా నుండి, విండోస్ వచ్చిన పిదప చెదరినచో మొదట డ్రైవరును శంకింపవలెను. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలు ఒక్కమారు నొక్కినచో డ్రైవరు తిరిగి మొదలగును. నవీకరణ తరువాత దోషము పుట్టినచో 'డివైస్ మేనేజర్'లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' తెరచి, 'రోల్ బ్యాక్ డ్రైవర్' అనుదానిని ఎన్నుకొనవలెను. పాత డ్రైవరు నిలువయుండనిచో తయారీదారు స్థలమునుండియే తగినది తెచ్చుకొనవలెను; ఊరుపేరు లేని చోటులనుండి తేరాదు. విండోస్‌లో తెర బొత్తిగా నిలువకున్నచో 'సేఫ్ మోడ్'లో ప్రవేశింపవచ్చును. అందు సామాన్యమైన మూల డ్రైవరు మాత్రమే పనిచేయును.

"పిల్లల చేతికిచ్చిన యంత్రము చెడును" అని కొందరు పెద్దలందురు. నిజమే, తోచినట్లు కెలికినచో చెడును. కావుననే ఉపాధ్యాయుని యెదుట, ఒక్కొక్క మార్పును పుస్తకములో వ్రాసికొనుచు చేయుమనుచున్నాము. వ్రాసికొన్న మార్పును వెనుకకు మరల్చుట సులభము. అన్ని దోషములును డ్రైవరువే యని మేమనము. చిప్పు కాలినప్పుడు నిపుణుని పిలువవలసినదే. కాని అతడు వచ్చునప్పటికి మనమేమి చూచితిమో చెప్పగలిగియుండవలెను. అడుగుట తెలియనివానికి చెప్పినదే వేదము.

ప్రతి కంప్యూటరు గదిలోను ఒక దోషముల పుస్తకము, నెలకొక గంట పరీక్షాభ్యాసము ఉండవలెనని పాఠశాల పాలకులను కోరుచున్నాము. ఇందుకు ధనమక్కరలేదు. మూడు నెలలు మూలనున్న ఆ యంత్రముకడ నేడు పిల్లలు పాఠములు వ్రాయుచున్నారు. పోయిన మూడు నెలలు మాత్రము తిరిగి రావు.