కూలి బాకీ పెట్టుకుని కానుక వేస్తే



ఇది ముఖ్యంగా మన క్రైస్తవ రైతుల కోసం రాస్తున్నా. మిగతావాళ్ళు చదివినా పర్లేదు, విషయం పొలం గురించే.

దేవుణ్ణి మనసంతా పెట్టి ప్రేమించడం, పొరుగువాణ్ణి మనలాగే చూసుకోవడం. ఈ రెండిటి మీదే ధర్మశాస్త్రమంతా ఆధారపడి ఉందని యేసు ప్రభువు చెప్పిన సంగతి మనకి సండే స్కూల్ నుంచీ తెలుసు. కానీ ఆ రెండో ఆజ్ఞ మొదట ఎక్కడ రాసి ఉందో ఎప్పుడైనా తీసి చూశారా? లేవీయకాండం 19వ అధ్యాయంలో. ఆ అధ్యాయం ఒకసారి కూర్చుని మొత్తం చదవండి. మన పొలం పని గురించి చాలానే ఉంటుంది. చేను అంచుల దాకా ఊడ్చి కోయొద్దు, పరిగె పేదవాళ్ళకి, పరదేశులకి వదిలేయమని ఉంది. కూలివాడి కూలి తెల్లారేదాకా మన దగ్గర ఉంచుకోవద్దని ఉంది. తూకంలో, కొలతలో మోసం చేయొద్దని ఉంది. పొరుగువాణ్ణి ప్రేమించు అనే మాట వీటి మధ్యలోనే ఉంది. అంటే ప్రేమ అనేది పాటల్లో పాడుకునే మాట కాదు, కాటా దగ్గరా కల్లం దగ్గరా తేలే లెక్క.

ఇప్పుడు నా సంగతి చెప్తా. మొన్న మిరప కోతలప్పుడు ధర పడిపోయింది. కాయలు కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టా. ముఠాకి ఐదు రోజుల కూలి బాకీ. "సరుకు అమ్మగానే ఇస్తానమ్మా" అన్నా. ఆ నెలలోనే కోత పండుగ వచ్చింది. మంచి కాయ ఏరి ఒక బస్తా గుడికి తీసుకెళ్ళా. అయ్యగారు ప్రార్థన చేశారు, అందరూ మెచ్చుకున్నారు. వెనక చాప మీద ఆ కాయలు కోసిన మనిషి కూర్చుని ఉంది. ఆమె ఏమీ అనలేదు. నేను ఆమె వైపు చూడలేకపోయా.

ఆ సాయంత్రం డబ్బు సర్దుకుని వాళ్ళింటికి వెళ్ళా. ఆమె, "పర్లేదులే బాబాయ్" అంటుందనుకున్నా. అనలేదు. "పిల్లోడి ఫీజుకి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చా బాబాయ్" అంది. నేను ధర కోసం కాచుకుని కూర్చుంటే, ఆ కాచుకున్నందుకు వడ్డీ ఆమె కట్టింది. ఆ వడ్డీ కూడా లెక్కకట్టి ఇచ్చా. ముఠాలో మిగతావాళ్ళకీ అదే రాత్రి ముట్టజెప్పా. గొప్ప కోసం చెప్పట్లేదు. బస్తా మోసుకెళ్ళకముందే చేయాల్సిన పని అది.

మీరు అడగొచ్చు: వ్యాపారి మనకే డబ్బులివ్వకపోతే మనం ఎక్కణ్ణుంచి తెచ్చివ్వాలి? నిజమే, రైతు కష్టం నాకు తెలుసు, నేనూ అప్పుల్లోనే ఉన్నా. కానీ ఒక్కటి ఆలోచించండి. ధర పెరిగిన ఏడాది కూలివాళ్ళకి లాభంలో వాటా ఇస్తున్నామా? ఇవ్వట్లేదు. అలాంటప్పుడు ధర పడిన ఏడాది నష్టంలో వాళ్ళకెందుకు వాటా? మందుల షాపు వాడికి, బ్యాంకుకి భయపడి ముందు కడతాం. భయపెట్టలేని వాళ్ళ బాకీ ఆఖరున పెడతాం. దేవుడు చూసేది సరిగ్గా అక్కడే. కోత కోసినవాళ్ళ కూలి బిగపడితే ఆ మొర ప్రభువు చెవిన పడుతుందని యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో ఉంది.

ఇంకో మాట. పొరుగువాడంటే మన సంఘం వాడే అనుకుంటాం. మన ఊళ్ళలో ఒకే ప్రభువు పేరు మీద పల్లెకొక గుడి ఉంది, ఆ సంగతి మనకే తెలుసు. ఒక ధర్మశాస్త్ర పండితుడు నా పొరుగువాడెవడని అడిగితే ప్రభువు సమరయుడి కథ చెప్పాడు. యూదులు దగ్గరికి రానివ్వని సమరయుడు, దారిలో పడున్నవాడికి గాయాలు కట్టి, పూటకూళ్ళ వాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. అప్పట్లో ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే రెండు రోజుల కూలి జేబులోంచి తీశాడు, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. లెక్కతో సహా ఉంది ప్రేమ.

కాబట్టి అన్నలూ, తమ్ముళ్ళూ, ఈ ఏడాది కోతకి ముందే కూలి డబ్బులు విడిగా పెట్టుకుందాం. కుదరకపోతే కోత మొదలెట్టకముందే ఉన్నమాట చెప్పేద్దాం, ఇష్టమైతే వస్తారు, లేకపోతే లేదు. గట్టు నరుక్కుంటూ పక్కవాడి చేలోకి జరగడం ఆపుదాం. రాత్రిపూట వంతు కానప్పుడు బోదె తిప్పుకోవడం ఆపుదాం. పక్కచేలో కూలీలు వంగి పనిచేస్తుంటే గాలివాటున మందు కొట్టకుండా ఆగుదాం.

బలిపీఠం దగ్గరికి వచ్చాక నీ మీద ఎవరికైనా బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు. నేను బస్తా దించి వచ్చాక గాని వెళ్ళలేదు. మీరు దించకముందే వెళ్ళండి.