ఇనుము మాత్రతో తీరని రక్తహీనత

“పిల్ల పాలిపోయినది, మెట్లెక్కిన ఆయాసపడుచున్నది” అను మాట మన పద్మానగరు ఇండ్లలో క్రొత్తది కాదు. తల్లి బెల్లము, పాలకూర పెట్టును; తండ్రి మందుల అంగడినుండి టానిక్కు సీసా తెచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. కావున ఈ ప్రయత్నమును తప్పనలేము. పెక్కుమంది ఇనుము మాత్రలతోనే కోలుకొందురు. మేము వ్రాయుచున్నది కోలుకొననివారిని గూర్చి.

నెలల తరబడి మాత్రలు మ్రింగినను కొందరికి రక్తము పెరుగదు. ఎత్తును పెరుగరు. కడుపుబ్బరము, విరేచనములు వచ్చిపోవుచుండును. అప్పుడు ఇంట పిల్లనే దూషింతురు: మాత్ర పారవేసినదనియు, తిండి సరిగా తినదనియు. పాపము, ఆమె తప్పేమియు లేకపోవచ్చును. దేహమును కాపాడవలసిన రోగనిరోధకశక్తియే దేహముపై తిరుగబడు వ్యాధులు కొన్ని కలవు. వానిలో సీలియాక్ ఒకటి. గోధుమ, బార్లీలలోని గ్లూటెను అను మాంసకృత్తు తగిలినప్పుడెల్ల ఈ రోగుల చిన్నప్రేవుల లోపలి సన్నని నూగు దెబ్బతిని చదునగును. ఇనుము, కాల్షియము, జింకు రక్తములోనికి చేరవు. కంచములో ఎంత వడ్డించి ఏమి లాభము?

గోధుమయే దీనికి మూలమని నిరూపించినవాడు విల్లెం డికె అను డచ్చి పిల్లల వైద్యుడు. ఆయన సిద్ధాంతగ్రంథము 1950లో వెలువడినది. మన దేశమున ఈ వ్యాధి ఉత్తరాదిని ఎక్కువ, దక్షిణాదిని తక్కువ. అందుచేతనే తెలుగువారి ఊహకు రాదు. కాని కరీంనగరు, నల్లగొండ, వరంగల్లులనుండి మగ్గము నమ్ముకొని వచ్చిన మన పెద్దలు తిన్నది జొన్నరొట్టె, వరియన్నము. నేటి మన పిల్లలు ఉదయము చాయతో పావు, మధ్యాహ్నము చపాతి తినుచున్నారు. గోధుమ తిన్నవారికందఱికి రోగము వచ్చునని మా భావము కాదు. పుట్టుకతో ఆ గుణమున్నవారికే వచ్చును. ఇన్సులిను తీసికొను పిల్లలకును, థైరాయిడు గ్రంథిపై ఇట్టి తిరుగుబాటే కలిగిన పిల్లలకును, రోగి తోబుట్టువులకును అవకాశము హెచ్చు.

దీనికి రక్తపరీక్ష కలదు. అయితే ఒక హెచ్చరిక: పరీక్షకు ముందే గోధుమ మాన్పింపరాదు. మాన్పించినచో రోగమున్నను లేనట్లు కనిపించును. ఇరుగుపొరుగువారి సలహాతో చపాతి మాన్పించి, పిదప వైద్యునియొద్దకు పోవుట మనలో పరిపాటి!

థైరాయిడు మాత్ర వాడు పిల్లల విషయమున మఱొక పొరపాటు జరుగుచున్నది. ఉదయము ఆ మాత్రతోపాటే ఇనుము, కాల్షియము మాత్రలు మ్రింగింతురు. అవి థైరాయిడు మందును దేహమునకు అందనీయవు. నడుమ నాలుగు గంటల యెడముండవలెను. కీళ్లవాపునకు స్టెరాయిడ్లు వాడువారికి ఎముకలలోని కాల్షియము తరుగును. అదియు ఎముక గట్టిపడవలసిన ప్రాయముననే. 13-15 ఏండ్లవారికి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములుండును. నువ్వులలో అంతకు ఎన్నో రెట్లు.

సీలియాక్ అని తేలినను భయపడనక్కరలేదు. సర్వపిండి, సకినాలు, జొన్నరొట్టె, రాగిజావ అన్నియు తినదగినవే. చిక్కంతయు పిండిగిరణిలో. గోధుమ ఆడిన రాళ్లలోనే జొన్న ఆడించినచో గోధుమపిండి కలియక మానదు. ఇంటి మిక్సీలో ఆడుకొనుట మేలు. అంగడి ఇంగువలోను తఱచు గోధుమపిండి కలిసియుండును.

ఇక పెండ్లి సంబంధములు చెడునని ఆడపిల్ల రోగమును దాచు తల్లిదండ్రులకు ఒక మాట. దాచిన యింట ఆ పిల్ల చుట్టములయెదుట గోధుమ పూరీ తినకతప్పదు. తిని, రాత్రియంతయు కడుపునొప్పితో మెలకువగానుండి, తెల్లవారి మరల “సరిగా తినదు” అను మాట పడును.